ఎండగది గొట్టం

పినపాక దాటి అడవి వైపు పోయే బాటలో, మలుపు దగ్గర ఇద్రీస్ ఇల్లు ఉండేది. పొద్దుగూకాక ఆ మలుపులో ఎవడూ సైకిలు బెల్లు కొట్టేవాడు కాదు. కొడితే గోడ పలుకుతుందని భయం.

అవును, గోడే. ఆ ఇంటి వెనక గోడలోంచి రాత్రిళ్ళు ఒక ఆడమనిషి మూలిగేది. ఏడుపు కాదు… పాట కాదు… నోరు మూసుకుని ముక్కుతో, "ఊఁ… ఊఁ…" అని. గాలి ఉన్న రాత్రి పెద్దగా, గాలి పడిపోతే సన్నగా.

దెయ్యాలను నేను నమ్మను. కానీ ఆ మాట ఆ మలుపులో చీకట్లో నిలబడి చెప్పమంటే మాత్రం చెప్పను. ఎందుకొచ్చిన గొడవ.

ఈ సంగతి నాకు సుశీలమ్మ చెప్పింది. ఇద్రీస్ పక్కిల్లు ఆమెదే. గుడివాడ దగ్గర పల్లె నుంచి మొగుడితో పాటు పొగాకు సాగుకని ఇటు వచ్చి, మొగుడు పోయాక కూడా ఇక్కడే ఉండిపోయిన మనిషి. నేను పినపాక బడిలో పనిచేసిన రోజుల్లో ఆమె ఇంట్లో కిరాయికి ఉన్నాను. అబద్ధం అల్లే ఓపిక లేని మనిషి. ఎనభైల్లో, నేను ఆ ఊరికి రాకముందు జరిగిందట ఇదంతా.

ఇద్రీస్‌ది అద్దకం పని. వెలిసిపోయిన చీరలకు మళ్ళీ రంగు వేసి ఇచ్చేవాడు. బొగ్గు గనులు వచ్చాక దానికి తోడు క్యాంపుల్లో ఉండేవాళ్ళ కంబళ్ళు, దుప్పట్లు ఉతికి ఇచ్చే పని దొరికింది. పనికి కొదవలేదు కానీ వానాకాలమే చావుకొచ్చేది. అడవి పక్క ఊళ్ళలో ముసురు పట్టిందంటే సూర్యుడి మొహం మరిచిపోవాల్సిందే. తడిసిన కంబళి ఆరదు. ఆరకపోతే ముక్కిపోయిన వాసన.

అందుకని ఇంటి వెనక ఒక గది కట్టించుకున్నాడు. ఒక వారగా బొగ్గుల కుంపటి, అక్కడి మాటలో సిగిడి, పైన వరసగా తీగలు, తీగల మీద తడిబట్టలు. సిగిడి మీద గరాటు లాంటి రేకు మూత పెట్టి, పొగా ఆవిరీ బయటికి పోవడానికి అక్కణ్ణుంచి వెనక గోడలోకి ఒక గొట్టం వేయించాడు. ముసుర్లో కూడా ఎండ కాసే గది కాబట్టి ఊళ్ళో దాన్ని ఎండగది అన్నారు.

ఎండగదిలో పనంతా ఇద్రీస్ పెళ్ళాం గులాబ్ బీది. ఈయన సైకిలు మీద మూటలు తెచ్చేవాడు, ఆరినవి తీసుకెళ్ళి ఇచ్చి వచ్చేవాడు. మధ్యలో ఇంట్లో ఏం జరిగేదో ఆయనకు తెలియదు. మనకు మాత్రం తెలుసా ఏం? అన్నం పళ్ళెంలోకి వస్తుంది, చొక్కా చిలక్కొయ్య మీదికి వస్తుంది, అంతవరకే మగవాళ్ళకు తెలిసేది.

ఆ గులాబ్ బీ ఒక వానాకాలం చలిజ్వరంతో పోయింది. బక్కపలచని మనిషి, పట్టుమని వారం కూడా మంచాన లేదు. ఎండగది పనీ ఇద్రీస్ మీదే పడింది. ఆమె పోయిన కొన్నాళ్ళకే… గోడ మూలగడం మొదలైంది.

ముందు విన్నది వెంకటప్పయ్య. సుశీలమ్మకు మరిది. మణుగూరు నుంచి రాత్రి సైకిలు మీద వస్తున్నాడు. చినుకులు పడుతున్నాయి. మలుపు తిరుగుతూ అలవాటుగా బెల్లు కొట్టాడు—

"ఊఁ…"

ఆగాడు. చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. ఈసారి బెల్లు కొట్టలేదు. అయినా వచ్చింది, గోడలోంచి, ఇంకా సాగదీసి…

తెల్లారి చూస్తే సైకిలు బోదెలో ఉంది, ఒక చెప్పు బాట మీద ఉంది, రెండో చెప్పు ఇప్పటికీ దొరకలేదు. తనను పేరు పెట్టి పిలిచిందని ఒట్టేసి చెప్పాడు వెంకటప్పయ్య. "నీ పేరంతా పలికేసరికి తెల్లారేది కాదట్రా?" అని సుశీలమ్మ నవ్వింది కానీ, ఆ రాత్రి నుంచి తనూ పెరటి తలుపుకు గడియ పెట్టుకునే పడుకునేది.

భయపడనిది ఒక్క ఇద్రీసే. రాత్రిపూట వెనక గోడకు అరచెయ్యి ఆనించి నిలబడేవాడు. ఒకసారి సుశీలమ్మ చూసి, లోపలికి పోయి పడుకోమని గదమాయించింది.

"అందరికీ ఇనబడ్తది అక్కా," అన్నాడు నెమ్మదిగా. "నాకు కనబడొచ్చు గద, ఒక్కసారి. పోయేనాడు నేను ఇంట్ల గూడ లేను. మూటలేసుకొని క్యాంపుకు పోయిన."

సుశీలమ్మ మొగుడు పోయిన రోజున ఆమె కూడా పొలంలోనే ఉంది.

మళ్ళీ వానాకాలం వచ్చింది. ఇద్రీస్ కూతురు అమీనా తొలి కాన్పుకు వచ్చింది. ఇల్లెందులో అత్తగారు, అమ్మ లేని ఇంటికి ఎందుకు, ఇక్కడే చేస్తామన్నారట. ఇద్రీస్ స్వయంగా వెళ్ళి, తల్లి లేకున్నా తల్లిగారిల్లు ఉంది కదా అని బతిమాలి తీసుకొచ్చాడు. సుశీలమ్మ దగ్గరుండి పురుడు పోయించింది. ఆడపిల్ల.

బాలింతకు గాలి తగలకూడదు. ఇది ఏ కులమైనా, ఏ మతమైనా మా వైపు మారని మాట. బయట ముసురు, ఇల్లంతా చెమ్మ. వెచ్చగా ఉన్నది ఒక్క ఎండగదే. అమీనా మంచం అందులో వేశారు. కిటికీకి గోనెపట్టా కొట్టారు. తలుపు కింద సందులో పాత చీర కుక్కారు. సిగిడి రాత్రీ పగలూ మండుతూనే ఉండేది. తీగల మీద కంబళ్ళ పక్కన పసిదాని పొత్తిగుడ్డలు ఆరుతూ ఉండేవి. ఆ పిల్ల పుట్టుకతో ఇద్రీస్ ఇంటికి మళ్ళీ కళ వచ్చిందని సుశీలమ్మ సంతోషపడింది.

ఆ సంతోషం ఎన్నో రోజులు నిలవలేదు.

ఒక పొద్దున కాఫీ తీసుకుని వెళితే అమీనా గుసగుసగా అంది. "పెద్దమ్మా… రాత్రి అమ్మీ వచ్చింది."

సుశీలమ్మ గ్లాసు మంచం పక్కన పెట్టింది. "కలొచ్చి ఉంటుందే."

"కల గాదు. నా తలాపున కూసున్నది. తల నిమిరింది. లేద్దామంటే నాకు కాళ్ళు లేవలే… పండుకో బేటీ అన్నది."

అమీనా మొహంలో భయం లేదు. నవ్వుతోంది. అదే సుశీలమ్మను భయపెట్టింది.

తర్వాతి రాత్రి కూడా వచ్చింది. ఆ తర్వాతా వచ్చింది. గోడ బయట మూలుగుతుంటే గదిలో గులాబ్ బీ మంచం చుట్టూ తిరుగుతున్నట్టు, తీగల మీద గుడ్డలు మడతపెడుతున్నట్టు అమీనాకు కనబడేది. తెల్లారేసరికి తల పగిలిపోయే నొప్పి, వాంతులు, నిలబడితే తూలు. బాలింత నీరసం అనుకున్నారు.

"తల్కాయ నొస్తే నొయ్యనీ పెద్దమ్మా," అంది ఒకరోజు. "అమ్మీ అయితే వస్తున్నది గద."

పసిదానికి కూడా ఏదో అయింది. పాలకు ఏడవడం మానేసింది. నోట్లో పెట్టినా చప్పరించకుండా నిద్రపోయేది. బుగ్గలు మాత్రం ఎర్రగా ఉండేవి. పసిబిడ్డ ఏడవకపోతే ఇల్లు ప్రశాంతంగా ఉందని మురిసేది పిల్లల్ని పెంచనివాళ్ళే. సుశీలమ్మ నలుగుర్ని పెంచింది.

వెంకటప్పయ్య వచ్చి, గడప దాటకుండా, గొంతు తగ్గించి చెప్పాడు. "తల్లి ప్రాణం ఇద్రీసూ… మనవరాలి మీద మనసు పడింది. తీసుకుపోవడానికే వస్తోంది."

ఇద్రీస్ వెనక గోడ వైపు చూశాడు.

"ఆ గొట్టంలోంచే వస్తోంది. మూలుగు అక్కణ్ణుంచే కదా. వేపమండలు కుక్కి దారి మూసెయ్. మళ్ళీ రాదు."

"మల్ల… అసలే రాదా?"

"రాదు."

"అదే సోంచాయిస్తున్న," అన్నాడు ఇద్రీస్.

ఆలోచిస్తూ కూర్చున్నాడు. అందరికీ అది దెయ్యం. ఆయనకు పెళ్ళాం. ఏడాదిగా ఎదురుచూస్తున్న మనిషి ఇంట్లోకి వస్తోందంటే, తలుపు మూయమని చెబుతున్నారు. చివరికి లేచి ఎండగదిలోకి వెళ్ళాడు. మనవరాలి గుప్పిట్లో తన వేలు పెట్టాడు. ఏ పసిబిడ్డయినా పట్టుకుంటుంది కదా. ఆ పిల్ల పట్టుకోలేదు… వేళ్ళు విడిపోయాయి.

ఇంకేం సోంచాయించలేదు. గోనెసంచి, వేపమండలు తీసుకుని వెనక గోడ దగ్గరికి పోయాడు. సుశీలమ్మ లాంతరు పట్టుకుంది. స్టూలు ఎక్కి, గొట్టం మూతిలో మండలు కుక్కి, పైన గోనె దోపాడు. దోపుతూ గోడకు నోరు దగ్గరగా పెట్టి ఏదో అన్నాడు. సుశీలమ్మకు వినబడింది.

"మాఫ్ జెయ్యి గులాబ్. పిల్ల కోసం."

గోడ మూలగడం ఆగిపోయింది.

ఆ రాత్రి ఇద్రీస్ వసారాలో కాకుండా ఎండగదిలోనే, తలుపు దగ్గర చాప వేసుకున్నాడు. కాపలాకు అన్నాడు. కాపలాకు కాదని సుశీలమ్మకు తెలుసు. మూసిన దారి దాటుకుని ఆమె ఒకవేళ వస్తే, ఈసారైనా తను ఇంట్లో ఉండాలని.

సుశీలమ్మ తన ఇంట్లో పడుకుంది. వాన పడుతోంది. నిద్ర రాలేదు. ఏడాదిగా అలవాటైన మూలుగు లేదు. ఏ చప్పుడైతే వినలేక చెవుల మీద దుప్పటి కప్పుకునేదో, ఆ చప్పుడు కోసమే చెవులు రిక్కించి పడుకుంది. ఎప్పుడో మాగన్నుగా కన్ను మూతపడింది—

గొట్టం రేకు మోగింది.

వెంటనే మగగొంతు. మాటలు కావు. ఊపిరందని మనిషి కేక.

లాంతరు పట్టుకుని పరుగెత్తింది. వెనక గోడ కింద బురదలో మోకాళ్ళ మీద ఇద్రీస్. స్టూలు పక్కకు పడి ఉంది. రెండు చేతులా గోనెసంచి పట్టుకుని ఉన్నాడు, ఒంటి నిండా వేపాకు. లేవబోతున్నాడు, పడిపోతున్నాడు.

"బిడ్డ… లోపట…"

సుశీలమ్మ లోపలికి దూసుకుపోయింది. గదిలో పొగ ఏమీ లేదు. వెచ్చగా, హాయిగా ఉంది. తీగల మీద గుడ్డలు కదలకుండా వేలాడుతున్నాయి. అమీనా మంచం మీద పడుకుని ఉంది. మొహం మీద నవ్వు. పిలిస్తే పలకలేదు. చెంప మీద కొట్టింది. పలకలేదు. చంకలో పసిదాని తల ఒక పక్కకు వాలిపోయి ఉంది.

బిడ్డను కొంగులో చుట్టుకుని, అమీనా భుజాల కింద చేతులు వేసి, మంచం మీంచి కిందికి, గడప మీంచి వసారాలోకి, వసారాలోంచి వానలోకి ఈడ్చింది. ఆ వయసులో అంత బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆమెకే తెలియదు. బాలింతకు గాలి తగలకూడదన్న మాట ఆ క్షణంలో గుర్తు రాలేదు. వచ్చి ఉంటే ఏమయ్యేదో అని నాతో చాలాసార్లు అంది.

వాన చినుకులు పసిదాని మొహం మీద పడ్డాయి. ఒకటి… రెండు… ఏమీ లేదు. సుశీలమ్మ అరికాళ్ళు రుద్దింది. వీపు మీద తట్టింది. తనకు తెలిసిన దేవుళ్ళందర్నీ పిలిచింది, వాళ్ళు పలకకపోతే పక్కింటి దేవుణ్ణీ పిలిచింది.

అప్పుడు ఆ పిల్ల మొహం ముడుచుకుంది. కోపంగా, సన్నగా ఏడిచింది.

వెంకటప్పయ్య ట్రాక్టరు తెచ్చాడు. క్యాంపు దవాఖానాలో తెల్లారేసరికి అమీనా కళ్ళు తెరిచింది. డాక్టరు అంతా విని చెప్పాడు. మూసిన గదిలో బొగ్గు మండితే ఒక విషవాయువు పుడుతుందట. దానికి రంగు లేదు, వాసన లేదు. కొంచెం పీలిస్తే తలనొప్పి, మత్తు. ఇంకా పీలిస్తే లేనివాళ్ళు ఉన్నట్టు కనబడతారు. ఇంకా పీలిస్తే అంతే. గొట్టం ముందే పూడిపోతూ ఉండి ఉంటుంది, ఉన్న కాస్త సందూ మీరు మూశారు, అన్నాడు. మూలిగింది ఆ సందులోంచి పోయే గాలేనట.

వెంకటప్పయ్య తల దించుకుని బయటికి పోయాడు.

అమీనా మాత్రం సుశీలమ్మ చెయ్యి పట్టుకుంది. "అయితే పెద్దమ్మా… అమ్మీ రాలేదా?"

బిడ్డ బతికింది. తను బతికింది. అయినా అమీనా, తల్లి ఇవాళే పోయినట్టు ఏడ్చింది. సుశీలమ్మ ఏడవనిచ్చింది. దెయ్యం లేదని తేలితే ధైర్యం వస్తుంది అంటారు కానీ, ఒక్కోసారి ఏడుపే వస్తుంది.

గొట్టం బాగు చేశాకే వాళ్ళను ఇంటికి తీసుకెళ్ళమన్నాడు డాక్టరు. అమీనా దగ్గర ఒక మనిషిని కూర్చోబెట్టి, ఇద్రీస్, సుశీలమ్మ మధ్యాహ్నానికి ఇంటికొచ్చారు. వాన తెరిపిచ్చింది.

ఇద్రీస్ గొట్టం ఊడదీసి వాకిట్లో తట్టాడు. ఏమీ రాలేదు. చెయ్యి పెట్టి లాగాడు. నూగు… కంబళ్ళ నూగు, దుప్పట్ల నూగు, ఆవిరికి తడిసి, మసి పట్టి, అట్ట కట్టి ఉంది. పొరలు పొరలుగా వచ్చింది. గది వైపు చివర పొర తెల్లగా, మెత్తగా ఉంది. పొత్తిగుడ్డలది. మధ్యలో వేలు దూరే సందు మాత్రమే ఉంది.

సుశీలమ్మ ఆ కుప్పను చూస్తూ, మామూలుగానే అడిగింది. "ఒక్క ఏడాదికే ఇంత పేరుకుంటే… ఎండగది కట్టి ఎన్నేళ్ళయ్యింది? అన్నేళ్ళూ ఎవరు తీశారయ్యా ఇది?"

ఇద్రీస్ చేతిలో నూగు అలాగే ఉండిపోయింది.

"అక్కా," అన్నాడు. "రాత్రి నేనెట్ల లేచిన్నో నువ్వు అడగలే."

"ఊపిరాడక లేచి ఉంటావు."

"ఊపిరి ఆడ్తలేదని నాకు తెల్వలే. మంచిగనే ఉండె. నిద్ర అస్తుండె. అప్పుడు… గులాబ్ వచ్చింది."

డాక్టరు చెప్పింది ఇద్దరూ విన్నారు.

"కొంగు బొడ్లె దోపుకున్నది. నా మీదికెంచి దాటుకుంట తలుపు దిక్కు పోయింది. గులాబ్ అని పిలిచిన. తిరిగి సూడలే. మస్తు కోపం మీద ఉన్నది. బయటికి పోయింది. యాడికి పోతున్నదని నేను పాక్కుంట ఎంబడి పోయిన. గీ గోడ కాడ నిలబడి, చెయ్యి పైకి చాపి, చూర్ల కెంచి ఒక కట్టె తీసింది. దాన్ని గొట్టంల వెట్టి పొడుస్తున్నది… గుంజుతున్నది… పొడుస్తున్నది. అందుతలేదు దానికి. కాళ్ళ మడిమెలు లేపి పొడుస్తున్నది. నేను పొడుస్తా ఇటియ్యి అని స్టూలెక్కిన…"

ఆగాడు.

"వాన మొకాన కొట్టింది. ఎవ్వలు లేరు. నా చెయ్యి గోనె మీద ఉన్నది."

గాలి అని సుశీలమ్మకు తెలుసు. మత్తు అని తెలుసు. ఆ మాటే అనబోయింది. కానీ ఇద్రీస్ అప్పటికే లేచి, గోడ దగ్గరికి నడిచి, చెయ్యి పైకి చాపి, చూరు కింద వెతుకుతున్నాడు. పెంకుల కింద… వాసం పక్కన…

చెయ్యి ఆగింది.

మెల్లగా బయటికి తీశాడు. పొడుగాటి వెదురు బద్ద. ఏళ్ళ తరబడి పట్టుకోగా పట్టుకోగా ఒక చివర నున్నగా మెరుస్తోంది. రెండో చివర గట్టిగా చుట్టిన గుడ్డ ముక్క. గులాబ్ బీ చీరదే. దాని నిండా నూగు, మసి.

సుశీలమ్మ ఆ గుడ్డ ముక్కను వేలితో ముట్టుకుంది. "ఇది ఇక్కడుందని… నీకు తెలుసా?"

ఇద్రీస్ తల అడ్డంగా ఊపాడు. గోడకు ఆనుకుని బురదలోనే కూలబడ్డాడు. ఆ బద్దను ఒళ్ళో పెట్టుకుని, నున్నగా అరిగిన చోట బొటనవేలితో రుద్దుతూ ఉండిపోయాడు.

"బతికున్నన్ని దినాలు గీ పని చేసింది," అన్నాడు. "ఒక్కనాడు సూడలే అక్కా… సచ్చినంక సూసిన."